జడ నిలబడే ఉన్ని

మా ఎదురింటి అక్క పోయిందని కూనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆఫీసులో టైపు మిషను ముందు ఉన్నాను. ఆమె దగ్గర అల్లిక నేర్చుకున్న అమ్మాయి మాట్లాడింది. న్యుమోనియా అట. పట్టుమని వారం కూడా మంచాన లేదట. "అవ్వని మేం చూసుకుంటున్నాం, మీరు నిదానంగా రండి" అని, అక్క అత్తగారి గురించి ఆ పిల్ల నాకే ధైర్యం చెప్పింది.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. మద్రాసు చింతాద్రిపేటలో మా సందులో వాళ్లకే సరిగా తెలియదు. ఏళ్ల తరబడి వాళ్లు చూసింది కిటికీ ఊచల వెనక సగం ముఖాన్నే.

మా సందు ఎంత ఇరుకంటే, మా కిటికీలోంచి చెయ్యి చాపితే వాళ్ల కిటికీలోకి కాఫీ గ్లాసు అందించవచ్చు. కూవం నది వాసన రెండిళ్లకీ ఉమ్మడి. అక్క పుట్టి పెరిగింది కూనూరులో. తండ్రి తేయాకు తోటలో గుమాస్తా. కాన్వెంటులో అల్లిక నేర్చుకుంది. తల్లీ తండ్రీ పోయాక బంధువులెవరో ఈ సంబంధం కుదిర్చి మద్రాసుకు పంపారు. పెళ్లయిన రెండో ఏడే భర్త పోయాడు. తిరువొత్తియూరులో పనికని పొద్దున బయలుదేరిన మనిషి, అటు నుంచి అటే జ్వరంతో ఆస్పత్రికి వెళ్లి, ఇక ఇంటికి రాలేదు.

ఆయన తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. అంతకు ముందే భర్తను పోగొట్టుకున్న మనిషి. కొడుకు పోయినప్పటి నుంచి ఆమెకు ఒకటే భయం, కోడలు కూడా గడప దాటితే తిరిగి రాదని. తను గుడికి వెళ్లినా, రేషను కొట్టుకు వెళ్లినా బయట తాళం వేసుకుని వెళ్లేది. తను ఇంట్లో ఉన్నప్పుడు లోపల గొళ్లెం పెట్టి దాని పక్కనే చాప వేసుకునేది.

నాకు అక్కతో అసలు పరిచయం ఉన్ని వల్లే కలిగింది. మా అమ్మకు ఉబ్బసం. వానాకాలంలో ఛాతీకి వెచ్చగా ఉండేందుకు ఒక జడల స్వెటరు అల్లిపెట్టమని అడిగాను. అల్లికలో కుట్లను ఒకదాని మీదుగా ఒకటి దాటించి తాడులా మెలి తిప్పే పనిని కేబుల్ అంటారు. అక్క మాత్రం జడ అనేది. నేను గులాబీ రంగులో నిగనిగలాడే ఉండలు కొనుక్కొచ్చి ఊచల్లోంచి అందించాను. అక్క ఒక ఉండను పిడికిట్లో నొక్కి వదిలింది. అది నొక్కిన చోటే సొట్టపడి ఉండిపోయింది.

"ఇది మొత్తం ఆక్రిలిక్ పాపా. చూసేదానికి బాగుండాది. ఒక్కసారి ఇస్త్రీ పడితే జడ అప్పడం మాదిరి అణిగిపోతాది."

"అయితే మొత్తం ఉన్నిదే తెస్తాను."

"అది అమ్మకి గుచ్చుకుంటాది. రోజూ ఉతికితే ముడుచుకుపోతాది. మన ఊళ్లో పెట్టిలో పెడితే పురుగు తినేస్తాది. రొండూ కలిపింది చూడు. ఉన్ని కొంచెం ఎక్కువుండాల. నొక్కితే లేవాల. జడ నిలబడాలంటే దారానికి పొగరుండాల పాపా."

అలా మొదలైంది. పారీస్ కార్నర్ వైపు ఆఫీసు నాది. మధ్యాహ్నం భోజనం వేళ షావుకారుపేట ఉన్ని కొట్లకు వెళ్లి, రకానికొక జానెడు ముక్క అడిగి, అగ్గిపుల్లలకు చుట్టి తెచ్చేదాన్ని. అక్క వాటిని పురి విప్పి చూసేది, తెంపి చూసేది, తడిపి ఊచలకు ఆరేసేది. నైలాన్ కొద్దిగా కలిసిన ఉన్ని మోచేతుల దగ్గర అరగదని చెప్పింది. పత్తి నూలు కలిస్తే ఒంటికి మెత్తగా ఉంటుంది కానీ బరువుకు జడ కిందికి జారుతుంది, అందుకని అందులో సన్నవి రెండే వేయాలంది. బొచ్చు బొచ్చుగా ఉండే రకాన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. "ఇంత కష్టపడి జడేసి దానికి ముసుగేస్తారా ఎవురైనా?" అనేది. జడలు బట్టను లోపలికి లాక్కుంటాయి కాబట్టి మామూలు స్వెటరుకు కొన్నదానికంటే ఒకటి రెండు ఉండలు ఎక్కువే కొనాలని ప్రతిసారీ గుర్తు చేసేది.

కొట్టు ఎలా ఉంటుందో అడిగేది. అలమరలు ఎంత ఎత్తు, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారు, అమ్మేవాడు ఉండను ఎలా విసురుతాడు. చెబుతుంటే సూదులు ఆపేసి వినేది. ఒకసారి ఉండబట్టలేక, "ఎలా ఉంటున్నావక్కా నువ్వు లోపల?" అన్నాను. సూది మీది కుట్లు లెక్కపెట్టుకుంది. తర్వాత, "పొద్దున లేస్తానే తలుపు చూస్తాను. అదీ నన్ను చూస్తాది. సరి, అని పొయ్యి ముట్టించుకుంటా" అంది.

మా అమ్మ ఒకరోజు అవ్వతో మాట్లాడి చూసింది.

"పెద్దమ్మా, ఒక్కపూట మా పిల్లతో పంపించరాదా? ఉన్ని కొట్టు దాకా పోయొస్తారు."

"నా కొడుకూ ఒక్కపూటకే పోయినాడు" అంది అవ్వ. అంతే, గొళ్లెం పడిన చప్పుడు.

కోపంతో నేనేదో అంటుంటే కిటికీలోంచి అక్కే వారించింది. "కోపంగా ఉండేవాళ్లతో పోట్లాడొచ్చు పాపా. భయపడేవాళ్లతో ఏం పోట్లాడేది?"

మా ఆఫీసులో ఉత్తరాదికి వెళ్లేవాళ్ల కోసం అక్క అల్లిన స్వెటర్లలో ఒకటి ఎలా చేరిందో గానీ కూనూరులో ఒక బడి హెడ్‌మిస్ట్రెస్ గారి కంట పడింది. ఆమె మద్రాసు వచ్చినప్పుడు వెతుక్కుంటూ మా సందుకే వచ్చారు. అల్లిక నేర్పేందుకు మనిషి కావాలట, ఉండడానికి గది కూడా ఇస్తారట. అవ్వ తలుపు తీయలేదు. ఆవిడ సందులో నిలబడి కిటికీలోకి మాట్లాడారు. అక్క వింది. "అవ్వని విడిచి రాలేనమ్మా" అంది, అంతే. ఆవిడ వెళ్లాక కిటికీ రెక్కలు మూసుకుంది. మళ్లీ చాలా రోజులకు గానీ తెరవలేదు. ఆ రోజుల్లో నేను తెచ్చిన ముక్కలు అగ్గిపుల్లలతో సహా మా గూట్లోనే ఉండిపోయాయి.

ఆ కార్తీకంలో వానలు ఆగలేదు. ఒక ఉదయం కాస్త తెరిపి ఇస్తే అవ్వ తాళం వేసుకుని రేషను కొట్టుకు వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే మళ్లీ కుండపోత. కూవం పొంగి మురుగునీళ్లు సందులోకి వచ్చాయి. వాళ్ల ఇల్లు సందు కంటే పల్లం. చూస్తుండగానే నీళ్లు గడప దాటి లోపలికి దూకాయి. అక్క అరవలేదు. ఊచలు పట్టుకుని, "పాపా, నీళ్లు మంచం ఎక్కినాయి" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను అప్పటికే నడుము లోతు నీళ్లలో దిగి తాళం పట్టుకుని లాగుతున్నాను. అమ్మ కేకలకు సందు చివర ఇస్త్రీ చేసే ఆయన రోకలి తీసుకుని వచ్చాడు. తాళం ఊడినా నీటి ఒత్తిడికి తలుపు కదల్లేదు. ముగ్గురం కలిసి తోశాం. అక్క బయటికి వచ్చింది, నెత్తి మీద అవ్వ పరుపు చుట్టతో.

"అది దేనికక్కా ఇప్పుడు?"

"అవ్వ ఏడ పడుకుంటాది మరి?"

అవ్వ గోడలు పట్టుకుంటూ వచ్చేసరికి అక్క మా మేడమెట్ల మీద కూర్చుని ఉంది. ఊడిపోయిన తాళాన్ని, నిండిపోయిన ఇంటిని అవ్వ చూసింది. అక్క దగ్గరికి వచ్చి ఆమె తడిసిన తలను రెండు చేతులతో పట్టుకుంది.

"నిన్ను కాపాడుకుంటా ఉండానని అనుకుంటినే. నా చేత్తోనే ముంచేసుందును గదే!"

ఆ తర్వాత ఆ ఇంటికి తాళం పడలేదు. అయినా అక్క బయటికి రాలేదు. పగలంతా తలుపు బార్లా తెరిచి ఉండేది, ఆమె మాత్రం గడప దాకా వచ్చి ఆగిపోయేది. "తలుపుకి తెలిసింది పాపా, నా కాళ్లకి ఇంకా తెలియలా" అనేది. చివరికి ఒక ఆదివారం మా అమ్మ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని షావుకారుపేట తీసుకెళ్లాం. దారంతా నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. కొట్లోకి అడుగు పెట్టాక వదిలేసింది. ఒక్కో ఉండనూ నొక్కింది, చెంపకు ఆనించుకుంది, కళ్లు మూసుకుని వాసన చూసింది. తన కోసం ఏమీ కొనలేదు. నూలు కలిసిన మెత్తని ఉన్ని, బూడిద రంగుది, అవ్వ కోసం తీసుకుంది.

సన్నని రెండు జడలతో ఆ స్వెటరు పూర్తయ్యాక అవ్వ ముందు పెట్టింది.

"ఈ ఎండలో ఇదేందే?"

"ఈడికి కాదత్తా. కూనూరుకి. నువ్వొస్తేనే నేను పోతా. రాకుంటే ఈడే ఉంటా."

అవ్వ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు స్వెటరు తొడుక్కుని చెమటలు కక్కుతూ గడప మీద కూర్చుని, "చేతులు పొడుగైనాయి, మడత పెట్టు" అంది. నేను ఎస్టీడీ బూత్ నుంచి బడికి ఫోను చేశాను. వాళ్లకు ఇంకా సరైన మనిషి దొరకలేదు.

కొండ మీద అక్క సుఖపడిందా అంటే చెప్పలేను. పిల్లలు ఆమెను ప్రేమించారు. నేను చూడడానికి వెళ్లినప్పుడు బజారు దాకా నడిచాం. సగం దారిలోనే ఆమె అడుగులు వెనక్కి తిరిగాయి. "అవ్వ చూస్తాంటాది పాపా" అంది. నవ్వుతూనే అంది. అక్కడ మంచు దిగితే ఎదుటి కొండ కూడా కనబడదు.

ఫోను వచ్చిన మర్నాడు నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. గది బయట బల్ల మీద అవ్వ కూర్చుని ఉంది. ఎదురుగా ఆ ఫోను చేసిన అమ్మాయి. అక్క సగంలో వదిలేసిన స్వెటరును పూర్తి చేయడానికి వలయంగా చుట్టిన తెల్లని ఉన్ని చిలపను అవ్వ చేతులకు తగిలించి ఉండ చుడుతోంది. దారం ఊడి వచ్చేలా అవ్వ చేతులు అటూ ఇటూ ఊగుతున్నాయి. చివరి పోగు కూడా జారిపోయింది. అమ్మాయి ఉండ తీసుకుని లోపలికి వెళ్లింది. అవ్వ మాత్రం చేతులు దించలేదు. అలాగే ఎడంగా చాపి, అటూ ఇటూ ఊపుతూనే ఉంది.