వేడికి నిలవని పళ్లెం

పిప్పి పళ్లేల పెద్దాయన అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. పల్లెటూరి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని వచ్చిన మనిషి. చక్కెర మిల్లు వెనక గుట్టలుగా పడి కుళ్లిపోయే చెరకు పిప్పిని భోజనం చేసే పళ్లెంగా మార్చిన మొదటివాడు తానేనని చెప్పుకునేవాడు. ఆ మాట నిజమే. మూలపడిన ఇటుకల ప్రెస్సును విప్పి, దానికి కరెంటు వేడి పెట్టి, పళ్లెం అచ్చు బిగించింది ఆయనే. గోధుమ గడ్డితో చేశాడు, మొక్కజొన్న పొత్తుల పొట్టుతో చేశాడు, అరటి బోదెతోనూ చేశాడు. అరటి బోదె పళ్లెం నల్లగా వచ్చిందని జనం మొహం తిప్పుకుంటే, "రంగు సంగతి తర్వాత, ముందు విరగ్గొట్టి చూపించండి" అని సవాలు చేసి నెగ్గాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని సొంతంగా ప్రెస్సులు పెట్టుకున్నవాళ్ల పేర్లన్నీ భోజనం చేస్తూ కూడా ఏకరువు పెట్టేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, పళ్లెం మీద ఎక్కడం ఒక ఎత్తు. షెడ్డుకి కొత్తవాళ్లు ఎవరు వచ్చినా సరే, ఒక పళ్లేన్ని నేల మీద బోర్లించి, చెప్పులు విడిచి, దాని మీద ఎక్కి చేతులు కట్టుకుని నిలబడేవాడు. పళ్లెం కిక్కురుమనేది కాదు. చూసేవాళ్లు నోళ్లు తెరిచేవారు.

"తినే పళ్లెం మీద కాళ్లు పెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను. ఎక్కి తొక్కింది చూశాక ఎవరికండీ ముద్ద దిగేది?" అనేది భార్య.

"నీకు తెలీదులేవే, బలమంటే కళ్లకి కనపడాలి."

"పళ్లేనిదా, మీదా?"

అయినా ఆయన ఎక్కడం మానలేదు.

కూతురు పెద్దాసుపత్రి వంటశాలలో పెత్తనం చేస్తుంది. రోగులకు ప్లాస్టిక్ పళ్లేల్లో వేడి వేడి తిండి పెట్టడం ఆమెకు ఎప్పటినుంచో మనసొప్పని పని. పెద్ద డాక్టరమ్మ వెంటపడి, నచ్చజెప్పి, "మా నాన్న పళ్లేలు తెస్తాను, తేడా వస్తే పూచీ నాది" అని మాటిచ్చి, చివరికి ఒప్పించింది. ఆ కబురు విన్న రోజున పెద్దాయన వీధి చివరి టీ బడ్డీ దాకా నడిచి వెళ్లి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి వచ్చాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. చెరకు పిప్పిలో రెండుంటాయి. పైన పొడుగాటి నార, లోపల దూదిలాంటి బెండు. నార నారతో పెనవేసుకుంటుంది కాబట్టి పళ్లేనికి బలం. బెండు నీళ్లు తాగడం తప్ప దేనికీ పనికిరాదు. అందుకే గుజ్జు చేసేముందు పిప్పిని జల్లెడ పట్టి బెండును రాల్చెయ్యాలి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పే పాఠం ఇదే. కానీ జల్లెడ పట్టడం నిదానపు పని, ఆసుపత్రికేమో రోజూ పళ్లేలు కావాలి. బెండును అలాగే ఉంచేసి, గుజ్జులో గంజి మోతాదు పెంచి చూశాడు. అచ్చులోంచి వచ్చిన పళ్లెం తెల్లగా, నున్నగా, వేలితో కొడితే టంగుమనేలా ఉంది. బోర్లించి ఎక్కాడు. ఎప్పటికన్నా గట్టిగా నిలబడింది. మురిసిపోయాడు. ఎండిన గంజి ఎంత గట్టిగా ఉన్నా వేడి నీళ్లు తగిలితే జారిపోతుందని తెలియని మనిషి కాదు. ఆ తెలిసిన సంగతిని ఆ పూటకి పక్కన పెట్టేశాడు.

పళ్లేలు పంపేముందు కూతురు షెడ్డుకి వచ్చింది.

"నాన్నా, ఒక్కసారి ఇందులో వేడి సూపు పోసి చూద్దాం. వాళ్లు మంచం మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని తింటారు."

"ఒళ్లో ఏం ఖర్మ, నెత్తిన పెట్టుకోమను. నా పళ్లేన్ని అనుమానిస్తున్నావా అమ్మడూ?"

"అనుమానం కాదు నాన్నా, జాగ్రత్త."

"నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నా. ఇదిగో చూడు!" అంటూ మళ్లీ పళ్లెం ఎక్కి నిలబడ్డాడు. పనివాళ్లు నవ్వారు. కూతురు కూడా నవ్వేసి, సరేలెమ్మని కట్టలు బండికి ఎత్తించింది.

మొదటిరోజు మధ్యాహ్నం పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. ఆడవాళ్ల వార్డు గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నాడు. బండి తోసుకుంటూ వచ్చి ఒక్కొక్కరికీ సూపు పోస్తున్నారు. మూడో మంచం మీద తుంటి ఎముక విరిగిన ఒక ముసలమ్మ పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని చెంచా కోసం చెయ్యి చాపింది. అంతలోనే పళ్లెం అంచు తడిగుడ్డలా వాలిపోయింది. సూపంతా ఆవిడ తొడ మీద పడింది. ఆవిడ పెట్టిన కేక వార్డంతా వినిపించింది. నర్సు పరుగెత్తుకొచ్చి చన్నీళ్లు పోసింది. ఈలోగా అవతల మంచం మీద ఇంకో పళ్లెం జారింది, తర్వాత మరొకటి.

పెద్దాయనకు ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముందుకు వెళ్లాల్సిన మనిషి వెనక్కి జరిగి, తలుపు చాటున నిలబడ్డాడు. అక్కడికి పెద్ద డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"పూచీ నాదన్నావు. ఏంటమ్మా ఇది?"

"తప్పు నాదేనండీ," అంది కూతురు. "కట్టల్ని తడి గదిలో పెట్టించాను, చెమ్మ పట్టినట్టుంది. మా నాన్న పళ్లేలకి వంక లేదు."

ఆ మాట విని ఆయన వెనక మెట్ల మీదుగా దిగి, ఎవరికీ కనపడకుండా ఇంటికొచ్చేశాడు.

"ఎలా జరిగింది?" అంది భార్య.

"బాగానే."

బాగానే అన్న మనిషి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. చొక్కా విప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం షెడ్డుకి ఎవరో బేరానికి వస్తే పనివాళ్లు పిలిచారు. "పెద్దాయనా, ఒకసారి ఎక్కి చూపించండి!" అన్నారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని అబద్ధమాడాడు. బేరానికి వచ్చినాయన పళ్లేన్ని వేలితో కొట్టి, ఆ చప్పుడు విని, "ఆహా, ఏం గట్టి సరుకండీ!" అన్నాడు. పెద్దాయనకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

చీకటి పడేలోపే కూతురు తల్లికి ఫోన్ చేసింది. తనను వంటశాల నుంచి తప్పించేలా ఉన్నారనీ, పొద్దున్నే పిలిచి తేలుస్తారనీ చెప్పింది. భార్య ఫోన్ పెట్టేసి భర్త వైపు చూసింది.

"తడి గది అంటోంది. దానికసలు తడి గది ఎక్కడుందండీ? ఉన్న గది పొయ్యి పక్కనేగా."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడం ఆయనకు తిట్టినదానికన్నా ఎక్కువైంది.

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, పెద్ద డాక్టరమ్మ గదిలోకి అడుగుపెట్టాడు. కూతురు అప్పటికే ఆమె బల్ల ముందు నిలబడి ఉంది. తండ్రిని చూసి వద్దన్నట్టు తల ఊపింది.

"గదిలో చెమ్మ లేదమ్మా," అన్నాడు డాక్టరమ్మతో. "పిప్పిలో బెండు ఏరకుండా గంజి పోసి బిగించింది నేను. వేడిది పోసి చూద్దామని అమ్మాయి అడిగింది. నేనే చూడనివ్వలేదు."

విచారణకని తెప్పించి పక్కన పెట్టిన పళ్లేల్లోంచి ఒకటి తీసి, బల్ల మీది టీ కెటిల్లోంచి దాని నిండా పోశాడు. అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పళ్లెం నడిమికి కుంగింది. టీ ఆయన వేళ్ల మీదుగా, చొక్కా చేతి మీదుగా కారింది. చెయ్యి చురుక్కుమన్నా తియ్యలేదు.

డాక్టరమ్మ కూతురి వైపు తిరిగింది. "అయితే నిన్న నాతో చెప్పిందంతా అబద్ధమన్నమాట."

ఆ సంగతి పెద్దాయనకు అంతవరకూ తట్టలేదు. బిడ్డను గట్టెక్కించాలని వచ్చి, డాక్టరమ్మ ముందు అబద్ధాలకోరును చేశాడు.

"ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం," అంది డాక్టరమ్మ. "ముందు ఆ ముసలావిడకు క్షమాపణ చెప్పి రండి, ఇద్దరూ. మధ్యాహ్నానికి స్టీలు పళ్లేలు కడిగి పెట్టించండి."

ముసలమ్మ తొడకు కట్టు ఉంది. పెద్దాయన చేతులు జోడించాడు. తన ప్రెస్సు గురించి గానీ, తాను పని నేర్పినవాళ్ల గురించి గానీ ఒక్క ముక్క చెప్పలేదు. "తప్పు నాదమ్మా" అన్నాడు, అంతే. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇంకెవరి ఒళ్లోనూ పోయించకు నాయనా" అని అటు తిరిగిపోయింది.

వంటశాలలో అటక మీది స్టీలు పళ్లేలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కూతురు తొట్టి దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండానే అంది.

"నాకొక మాట చెప్పి రావచ్చుగా నాన్నా."

"చెబితే రానిచ్చేదానివా?"

"లేదు."

ఒక పీచు తీసి తండ్రి వైపు తోసింది. ఆయన చొక్కా చేతులు మడిచి పళ్లేలు తోమడం మొదలుపెట్టాడు. కూరగాయల గంప దించుకుంటున్న వంటావిడ ఆగి చూసింది.

"ఎవరమ్మా ఈయన, కొత్తగా చేరాడా?"

పళ్లేల చప్పుడు ఆగింది. పెద్దాయన తల ఎత్తలేదు.

"మా నాన్న," అంది కూతురు, కడిగిన పళ్లేన్ని బోర్లిస్తూ.