ఢిల్లీ అమ్మ ఏ దేవుడికి మొక్కుతాది?

ఢిల్లీ నుంచి ఆ నాయకురాలు ప్రచారానికి మా ఊరు వస్తుందని తెలిసిన రోజు నుంచి చేపల రేవులో ఒకటే మాట. ఆవిడది ఏ మతం?

రోజూ టీవీలో కనిపించే మనిషి మా శ్రీకాకుళం తీరంలో, గంగమ్మ గుడి ముందు, మా ఇసకలో నడుస్తుందంటే ఎవరికి కాలు నిలుస్తుంది? మా పెదనాన్న ఆవిడ శివభక్తురాలని తేల్చేశాడు, మెళ్లో రుద్రాక్ష చూశాట్ట. వల బాగుచేసుకుంటున్న మా బావ నవ్వాడు. "సర్చిలో కొవ్వొత్తి ఎలిగించిన ఫొటో నా ఫోన్లోనే ఉన్నాది, సూడు మావా." పక్కనున్న ఇంకొకాయన దర్గాలో చాదర్ పట్టుకున్న వీడియో చూపించాడు. మా పిన్ని, ఆవిడ తలమీద కొంగు కప్పుకుని గురుద్వారాలో రొట్టెలు కాలుస్తున్న ఫొటో బయటపెట్టింది. తమాషా ఏంటంటే అన్నీ నిజం ఫొటోలే.

ఆ గొడవ మధ్యలోకి నన్ను లాగారు. నాన్న గుజరాత్‌లో బోట్ల మీద పని చేసిన రోజుల్లో నేను అక్కడే హిందీ బడికెళ్లాను. తర్వాత ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ చేసినా ఆ హిందీ నోట్లోంచి పోలేదు. పార్టీ తాలూకు మండలం పెద్దాయన ఇంటికొచ్చి, "అమ్మా, మన ఊళ్లో ఆవిడ మాట నువ్వే తెలుగులో చెప్పాల" అన్నాడు. నేను సరే అనేలోపే మా అమ్మ బీరువాలోంచి చీర తీసేసింది. ఆ వారమంతా అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా నాలో నేను హిందీ మాట్లాడుకుంటూనే ఉన్నాను.

ముందురోజు పార్టీ కుర్రాళ్లొచ్చి, ఆవిడ శాకాహారి, వాసన పడదు, గుడి దారిలో ఆరేసిన ఎండు చేపలు తీసేయమన్నారు. గంగమ్మకి పూజ చేసేది మా మేనత్తే. అత్త చీపురు పట్టుకునే బయటికొచ్చింది.

"గంగమ్మకి పడే వాసన ఆవిడకెందుకు పడదురా? సేపలు తీస్తే నేను పూజ సెయ్యను."

చేపలు అక్కడే ఉండిపోయాయి.

హెలికాప్టర్ దిగినప్పుడు లేచిన దుమ్ముకి పందిరి గుడ్డ ఎగిరిపోయింది, ఊరు ఊరంతా కేక పెట్టింది. ఆవిడ టీవీలో కన్నా పొట్టి. ఎండకి మొహం కందిపోయింది. ఎండు చేపల మధ్య నుంచే నడిచి వచ్చింది, ముక్కు మీద చెయ్యి పెట్టలేదు. నేను పక్కనే మైకు పట్టుకుని నడుస్తున్నాను, గుండె చప్పుడు మైకులో వినబడుతుందేమోనని భయం.

గుడి ముందు మా అత్త బొట్టు పళ్లెం పట్టుకుని నిలబడింది. బొట్టు పెట్టకుండా ఆవిడ మొహంలోకి చూసి, "అమ్మా, నువ్వు ఏ దేవుడికి మొక్కుతావు? మావోళ్లు దెబ్బలాడుకుంతన్నారు" అనేసింది.

మండలం పెద్దాయన మొహం పాలిపోయింది. కెమెరాలన్నీ మా వైపు తిరిగాయి. నేను ఉన్నదున్నట్టు హిందీలో అడిగేశాను.

ఆవిడ నవ్వి, నా చేతిలో మైకుని మెల్లగా కిందికి దించింది. నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. "నాకు నమ్మకం లేదమ్మా. మా అమ్మకి చాలా ఉండేది. ఇలాంటి చోటికొస్తే ఆవిడ గుర్తొస్తుంది, చేతులు వాటంతటవే లేస్తాయి."

వెనకనుంచి జనం "ఏటంది? ఏటంది?" అని అరుస్తున్నారు. పెద్దాయన నా చెవిలో, "గంగమ్మ భక్తురాలినంది అని చెప్పేయ్, వేగిరం!" అంటున్నాడు. నేను మైకు ఎత్తలేదు. అత్త చెవి దగ్గరకి వంగి, విన్నది విన్నట్టు చెప్పాను.

అత్త ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అయితే ఆళ్లమ్మ పేరేటో కనుక్కోయే."

అడిగాను. ఆవిడ చెప్పింది. అత్త గుళ్లోకి తిరిగి, కొబ్బరికాయ కొట్టి, సముద్రానికి వినబడేంత గట్టిగా ఆ పేరు పలికి, "సల్లగా సూడు తల్లీ!" అంది.

జనానికి వినబడింది ఆ పేరూ, తల్లీ అన్న మాటే. అదేదో ఉత్తరాది అమ్మవారనుకున్నారు. ముందు వరసలో ఎవరో చేతులెత్తి ఆ పేరుకి జై కొట్టారు. అంతే, రేవు మొత్తం అందుకుంది. పడవల మీద నిలబడ్డవాళ్లు కూడా దండాలు పెడుతున్నారు. ఆవిడ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను వాళ్లేమనుకుంటున్నారో చెప్పగానే ఆవిడ పకపకా నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అత్త బొట్టు పెట్టింది.

మర్నాడు ఒక పేపరు ఆవిడ గంగమ్మ భక్తురాలైపోయిందని రాసింది. ఇంకోటి ఓట్ల కోసం బొట్టు పెట్టించుకుందని రాసింది. నేను విన్నమాట ఎవరూ రాయలేదు, నేనూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు.

వారం పోయాక బావ, "ఆ అమ్మోరి గుడి ఎక్కడుంతాదే? ఈసారి గుజరాత్ ఎళ్లినప్పుడు దారిలో దిగుతాను" అన్నాడు. ఇక నవ్వాపుకోలేక నిజం చెప్పేశాను. వాడు వల కుట్టడం ఆపి, "ఓలమ్మ! ఆవిడ తల్లికా నేను దండమెట్టింది?" అన్నాడు. మళ్లీ వాడే, "సర్లే, ఎట్టీసాను కదా," అని దారం పళ్లతో తెంపి పనిలో పడ్డాడు.