తెలుగులో తెరుచుకున్న లాప్‌టాప్‌లు

అమెరికాలో, నోవై ఊళ్లో మా గుడి బేస్‌మెంట్‌లో ఆదివారం తెలుగు క్లాసు నడిపేది నేనే. పిల్లలు కుర్చీల్లో కుదురుగా కూర్చునేది లాప్‌టాప్‌ల మీద టైప్ చేయిస్తేనే. అవి కూడా ఎవరెవరో కొత్తవి కొనుక్కుని మాకిచ్చిన పాతవి. ఒకరోజు వాటికి కంపెనీ అప్‌డేట్లు రావడం ఆగిపోయింది. కొత్త సిస్టమ్ వేద్దామంటే ఆ ముసలి మెషిన్లు మోయలేవు.

గుడి కమిటీకి పెద్ద ఒక రిటైర్డ్ కార్ల ఇంజనీరు. ఊరందరికీ అంకులే. ఆయన మనవరాలు నా క్లాసులోనే ఉంది. మీటింగులో ఆయన చాలా మెత్తగానే చెప్పారు.

"లాప్‌టాప్‌లు రీసైక్లింగ్‌కి పంపేద్దామమ్మా. క్లాస్ కూడా ఈ సమ్మర్‌తో ఆపేద్దాం. మా మనవరాలే ఇన్నాళ్లుగా వస్తోంది, ఒక్క ముక్క చదవగా నేను వినలేదు."

నాకు ఒళ్లు మండింది. "మీ ఇంట్లో చదవడానికి తెలుగులో ఏముంది అంకుల్?" అనేశాను. పక్కనే కూర్చున్న మా ఆయన నా కాలు తొక్కాడు. అంకుల్ నొచ్చుకున్నారు గానీ, వచ్చే మీటింగుదాకా టైమిచ్చారు.

డబ్బు పెట్టనక్కర్లేని సిస్టమ్ ఒకటుందని నాకు తెలుసు. లినక్స్. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, పాత మెషిన్ల మీద కూడా హాయిగా నడుస్తుంది. మా ఆయన పెదవి విరిచాడు.

"ఆఫీస్‌లో సర్వర్ల మీద మేం వాడేది అదే. కానీ పిల్లల చేతికా? ఏదైనా ఆగిపోతే సపోర్ట్ ఎవరిస్తారు? ఎవరికి కాల్ చేస్తావ్?"

"నీకు."

వంటింటి టేబుల్ మీద లాప్‌టాప్‌లు వరసగా పెట్టుకుని మొదలుపెట్టాను. ఆ సిస్టమ్ మొదట అడిగే ప్రశ్నే ఏ భాష కావాలని. కిందికి జరుపుకుంటూ పోతుంటే ప్రపంచంలోని భాషలన్నిటి మధ్యా మన లిపిలోనే 'తెలుగు' అని కనిపించింది. పరాయి ఊరి బస్టాండులో మన ఊరి బోర్డున్న బస్సు కనబడ్డట్టయింది. ముందూ వెనకా ఆలోచించకుండా అన్నిట్లోనూ అదే నొక్కేశాను.

తర్వాత గాని తెలియలేదు నేనేం చేశానో. ఎక్కడ చూసినా 'అనువర్తనాలు', 'అమరికలు', 'పునఃప్రారంభించు'. తెలుగు టీచర్ని, నాకే వైఫై ఎక్కడుందో దొరకలేదు. మా ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, "పునః... ఏంటిది, మంత్రమా?" అని పడీ పడీ నవ్వాడు. "ఇంగ్లిష్‌లోకి మార్చెయ్, పిల్లలు ఏడుస్తారు."

మారుద్దామనే అనుకున్నాను. కానీ ఆ మాటల్ని ఎవరో ఎక్కడో కూర్చుని, జీతం భత్యం లేకుండా, ఒక్కొక్కటీ తెలుగు చేసి పెట్టారు. మేం చూస్తామో లేదో వాళ్లకి తెలియదు. కొనుక్కునే సిస్టమ్‌లోనూ తెలుగు ఉంటుందట, తర్వాత తెలిసింది. ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మాలో ఒక్కరూ దాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. నాకు మనసొప్పలేదు, అలాగే ఉంచేశాను.

ఆదివారం పిల్లలు గోలెత్తారు. "ఆంటీ, దిస్ ఈజ్ బ్రోకెన్!"

"బ్రోకెన్ కాదు, తెలుగు. గేమ్స్ అందులోనే ఉన్నాయి, వెతుక్కోండి."

ఒక్క అక్షరం కూడా అందివ్వలేదు. నేను ఎన్ని చార్టులు గోడకి అంటించినా ఎప్పుడూ వాటి మొహం చూడని పిల్లలు, ఆరోజు ఒకరి మీద ఒకరు పడి గుణింతాలు కూడబలుక్కున్నారు. 'ఆటలు' అన్న మాట దొరికినప్పుడు వాళ్లు వేసిన కేకకి పైన పూజారి గారు కిందికి వచ్చి చూసి వెళ్లారు. ఆపైన వాళ్లని ఆపడం నా వల్ల కాలేదు.

మీటింగు రోజు కమిటీ అంతా క్లాసులోకే వచ్చింది. అంకుల్ కళ్లజోడు సర్దుకుని ఒక లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఒక పిల్లవాడు టైప్ చేసిన పాఠం తెరిచి, ఓ అక్షరం మార్చి, మూసేయబోయారు. తెర మధ్యలో ఒక పెట్టె లేచి ఏదో అడిగింది. చుట్టూ నిలబడ్డ తండ్రులందరూ ఐటీ వాళ్లే. చదవడం వచ్చినవాళ్లే. అయినా ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. "రీస్టార్ట్ చేసేయండి అంకుల్" అని ఎవరో సలహా ఇచ్చారు. అది ఆగిపోయిందంటే క్లాసు కూడా ఆగిపోయినట్టే.

అంకుల్ మనవరాలు వాళ్లని నెట్టుకుంటూ ముందుకొచ్చింది. తెర మీద వేలు పెట్టి చదివింది.

"మా-ర్పు-లు భ-ద్ర-ప-ర-చా-లా? తాతయ్యా, సేవ్ చెయ్యాలా అని అడుగుతుంది. సీ, ఇది రద్దుచేయి. ఇది భద్రపరచు."

అంకుల్ తెర వంక చూడటం మానేశారు. మనవరాలి మొహమే చూస్తున్నారు.

"ఇంకోసారి చదువమ్మా."

"వై? చదివా కదా!"

"తాతయ్య కోసం."

విసుగ్గా, గది దద్దరిల్లేలా చదివింది. దీర్ఘాలు అమెరికా యాసలో సాగాయి గానీ ఒక్క ఒత్తు తప్పలేదు. ఏ ఉద్యోగం వచ్చినప్పుడూ, ఏ వీసా స్టాంపు పడ్డప్పుడూ నేనంత పొంగిపోలేదు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"క్లాస్ ఎక్కడికీ పోదమ్మా. ఈ లాప్‌టాప్‌లూ పోవు," అన్నారు అంకుల్ నా వైపు తిరక్కుండానే. పక్కన మా ఆయన ఏదో అనబోయాడు. ఈసారి కాలు తొక్కింది నేను.

పెట్టె ఇంకా తెర మీదే ఉంది. "తాతయ్యా, నొక్కు!" అంది మనవరాలు. ఆయన వంగి, ఒక్కో అక్షరం తనూ చదువుకుని, 'భద్రపరచు' నొక్కారు.