అటామి మెట్ల మీద కుంకుడుకాయల వాసన

నేను దయ్యాలను నమ్మను. నమ్మననడానికి సాక్ష్యం కూడా ఉంది. సింగపూర్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో, చైనీయులు దయ్యాల నెల అనే ఏడో నెలలో, జురాంగ్ ఈస్ట్‌లో మా బ్లాకు కింద షామియానా వేసి పాటల కచేరీ పెట్టారు. మొదటి వరుస కుర్చీలన్నీ ఖాళీ. వెళ్ళి దర్జాగా కూర్చున్నాను. అవి చనిపోయినవాళ్ళ కోసం వదిలేసిన కుర్చీలని ఒక చైనీస్ ఆంటీ పరుగున వచ్చి చెప్పింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఈ పాట అయ్యాక లేస్తానన్నాను. నన్నెవరూ ఏమీ చేయలేదు.

పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని నేను. తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఎవరైనా వింత చెబితే "నువ్వు చూశావా? ఇంకెవరు చూశారు? మళ్ళీ జరిగిందా?" అని ప్రాణం తీసే రకం. ఇప్పుడు నా సొంత వింత చెప్పుకోవాల్సి వచ్చింది కాబట్టి, నా మీదా అవే ప్రశ్నలు వేసుకుంటూ రాస్తాను.

ముందు నా ముక్కు సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఊరందరికీ వచ్చిన ఆ మాయదారి జ్వరం నాకూ వచ్చింది. పోతూ పోతూ వాసనను పట్టుకుపోయింది. ఇంగువ లేదు, కాఫీ లేదు, మాడిన పోపు లేదు. డాక్టరు కళ్ళు మూసుకోమని ఒక్కో సీసా ముక్కు కింద పెట్టి చూశాడు. కర్పూరం పెడితే చల్లగా తగిలిందే తప్ప వాసన రాలేదు. వస్తే రావచ్చు, రాకపోతే లేదన్నాడు.

అప్పటి నుంచి మా వంటింట్లో పెత్తనం అత్తయ్యది. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే. వాళ్ళ తాతలు తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. ఆవిడ తెలుగులో అరవం, మలయ్ మాటలు, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' పోపులో ఆవాల్లా చిటపటలాడుతుంటాయి. నేను స్టవ్ వెలిగిస్తే చాలు, వెనకాలే నిలబడి గాలి పీల్చేది. "మాడుతోంది, నీకేం తెలుస్తుందిలే" అనేది. మాకు పడదని కాదు. పడినంత వరకు పడుతుంది.

మా ఆయనకు టోక్యోలో ఆఫీసు పని పడితే అత్తయ్యా నేనూ వెంట వెళ్ళాం. ఆయన మీటింగుల్లో ఉన్న రోజున అత్తయ్యను తీసుకుని అటామికి బయల్దేరాను. సముద్రం ఒడ్డున వేడినీటి బుగ్గల ఊరు అది. బుల్లెట్ రైలెక్కితే గంట లోపే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వేడినీళ్ళలో కూర్చుంటే ఆవిడ మోకాళ్ళకు మంచిదని నా ఆలోచన.

స్టేషన్ ఎత్తు మీద ఉంది. అక్కడి నుంచి ఊరంతా మెట్లు మెట్లుగా సముద్రం దాకా దిగుతుంది. స్టేషన్ ముందు వీధిలో ఎండుచేపల కొట్లు, ఆవిరి మీద ఉడికే తీపి బన్నులు. అత్తయ్య ఒక కొట్టు ముందు ఆగి గట్టిగా పీల్చి, "అబ్బ, ఏం వాసనమ్మా" అని నా మొహం చూసి నాలిక కరుచుకుంది.

ఏదైనా తిందాం అన్నాను. "స్నానం చేశాక తింటా. తిని స్నానం చేస్తారా ఎవరన్నా?" అంది. మన ఇళ్ళలో అందరికీ తెలిసిన నియమమే. నేనూ సరేనన్నాను.

కొండ వాలులో సగం దిగాక ఒక స్నానశాల ఉంది. ఆడవాళ్ళ వైపు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాం. నేను తువ్వాళ్ళు తెచ్చేలోపు అత్తయ్య లంగా గుండెల మీదికి కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. మన ఆడవాళ్ళు ఏటి ఒడ్డున కట్టుకునే పద్ధతే. అక్కడ పనిచేసే ఆవిడ వచ్చి, ఎంతో మర్యాదగా వంగి, రెండు చేతులూ అడ్డంగా పెట్టి చూపించింది. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదట.

"మలు లేదా వీళ్ళకి? సిగ్గనేదే లేదా? నేను దిగనంటే దిగను లా" అని అత్తయ్య తేల్చేసింది. మళ్ళీ చీర కట్టుకుని, "టికెట్టు కొన్నావు కదా, నువ్వు చేసి రా. నేను బయట సోఫాలో కూర్చుంటా" అంది.

నేను మాత్రం చేశాను. సిగ్గు మొదటి నిమిషం వరకే. ఆరుబయట తొట్టి, ఎదురుగా సముద్రం, మెడ దాకా వేడి. చాలా కాలం తర్వాత నా ఒళ్ళు నాకు హాయిగా అనిపించింది.

బయటికి వచ్చేసరికి సోఫా ఖాళీ. చెప్పుల అరలో అత్తయ్య బూట్లు లేవు. ఫోన్ చేద్దామని చూస్తే, ఆవిడ ఫోను నా భుజాన ఉన్న సంచిలోనే మోగింది. సంచి తెరిచాను. పైనే అత్తయ్య ఇన్సులిన్ పెన్ను, దానికి వాడిన సూది.

ఆ ఇంజెక్షన్ వేసుకున్నాక ఆవిడ వెంటనే తినాలి. స్నానం చిటికెలో అయిపోతుంది, రాగానే తినొచ్చని, నేను తువ్వాళ్ళకు వెళ్ళినప్పుడు వేసుకున్నట్టుంది. తర్వాత జరిగిన రభసలో చెప్పడం మరిచిపోయింది. ఇంతకుముందు ఒకసారి ఇలాగే షుగర్ పడిపోయి ఇంట్లో స్పృహ తప్పింది. ఆ రోజు పక్కన మేమున్నాం. ఇక్కడ భాష తెలియదు, చేతిలో ఫోను లేదు, చలికాలపు పొద్దు దిగిపోతోంది. ఆవిడ తినాల్సిన గ్లూకోజు బిళ్ళలు కూడా నా సంచిలోనే ఉన్నాయి.

తప్పెవరిదని ఆలోచించడానికి తీరిక లేదు. స్నానశాలవాళ్ళు పోలీసులకు చెప్పారు. ఒక కుర్ర పోలీసు వచ్చి, నా ఫోనులోని ఫోటో చూసుకున్నాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి ఎత్తు ఎక్కదు కదా అని ఇద్దరం అనుకున్నాం. జురాంగ్‌లో రోడ్డు దాటే వంతెన మెట్లు కూడా ఎక్కని మనిషి ఆవిడ. పోలీసు వీధుల్లో వెతుకుతూ దిగితే, నేను తిన్నగా సముద్రపు రోడ్డు మీదికి పరిగెత్తాను. ఇసుక, బెంచీలు, పడవల రేవు అన్నీ చూశాను. "అత్తయ్యా!" అని ఆ పరాయి ఊళ్ళో గొంతు చించుకున్నాను. లేదు.

అప్పుడు వచ్చింది వాసన.

గాలి సముద్రం మీది నుంచి నా మొహానికి కొడుతోంది. వాసన మాత్రం వీపు వెనక నుంచి, కొండ వైపు నుంచి వచ్చింది. గాలికి ఎదురు. ముందు అది వాసన అని కూడా నాకు అర్థం కాలేదు. ఆ సంగతే మరిచిపోయి అన్నేళ్ళయింది. తర్వాత పోల్చుకున్నాను. కుంకుడుకాయలు.

కొట్టి, గింజ తీసి, నీళ్ళలో మరిగించిన కుంకుడుకాయల ఘాటు. అందులో పొరపాటు పడే ప్రశ్నే లేదు. చిన్నప్పుడు రసం కంట్లో పడితే మా అమ్మ నాలిక మీద ఉప్పు వేసేది. ఆ రోడ్డు మీద నిలబడి ఉంటే నా నాలిక ఉప్పు కోసం తడుముకుంది. అత్తయ్య కూడా సింగపూర్ టెక్కా మార్కెట్‌లో కుంకుడుకాయలు కొని తెచ్చి శుక్రవారం శుక్రవారం కాచేది. మోచేతి నొప్పి వచ్చాక మానేసి షాంపూలోకి దిగింది.

బుద్ధి ఉన్నవాళ్ళెవరూ ఆ పని చేయరు. నేను చేశాను. సముద్రానికి వీపు తిప్పి కొండెక్కడం మొదలుపెట్టాను.

కొంత దూరం పోయాక దారి రెండుగా చీలింది. టెస్టర్‌ని కదా, ప్రాణం మీదికి వచ్చినా బుద్ధి పోలేదు. కుడి సందులోకి కాస్త నడిచి చూశాను. ఏమీ లేదు. వెనక్కి వచ్చి ఎడమ సందులో అడుగుపెట్టాను. గుప్పున కొట్టింది. మళ్ళీ కుడికి వెళ్ళాను. లేదు. ఇక ఆలోచించలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

మూసేసిన పాత సత్రం ఒకటి, దాని పక్కగోడ వెంబడి రాతిమెట్లు. పై మెట్టు మీద కమ్మీ పట్టుకుని అత్తయ్య కూర్చుని ఉంది. అంత చలిలో జాకెట్టు చెమటకు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి ఎవరినో పలకరించినట్టు మలయ్‌లో ఏదో అంది. నన్ను గుర్తుపట్టలేదు.

మింగగలుగుతుందో లేదో చూసి, గ్లూకోజు బిళ్ళ నోట్లో పెట్టాను. పక్కనే ఉన్న, డబ్బులేస్తే సీసాలిచ్చే మిషన్లో తియ్యటి టీ సీసా కొని గుక్క గుక్కగా తాగించాను. చెంపలు తడుతూ, తిడుతూ, బతిమాలుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ కళ్ళు నా మీద నిలిచాయి.

"ఏంటమ్మాయ్ ఇది? ఇంత తీపా? నాకు షుగర్ అని తెలియదా?"

ఆ తిట్టు విన్నంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు. లేచి నిలబడి, ఆ సందులో ఎవరూ లేకపోయినా, "దొరికింది! మా అత్తయ్య దొరికింది!" అని తెలుగులోనే అరిచాను. పందెం గెలిచిన పుంజులా ఉంది నా పరిస్థితి. కిటికీలు తెరుచుకున్నాయి. ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఏం అర్థమైందో ఏమో.

ఆకలేసి స్టేషన్ దగ్గరి తీపి బన్నుల కోసం ఎక్కిందట. ఆకలికి మోకాళ్ళు గుర్తుండవు కాబోలు. దారి తప్పింది. కళ్ళు తిరిగి కూర్చుంది.

పోలీసు వచ్చాక, ఎలా కనిపెట్టారని ఫోనులో అనువాదం చేసి అడిగాడు. వాసన అని చెప్పాను. ఆయన నలువైపులా తిరిగి పీల్చి, తల అడ్డంగా ఊపాడు. నేనూ పీల్చాను. అప్పటికే నా ముక్కు ఎప్పటిలాగే మూగబోయింది.

అక్కడితో అయిపోయి ఉంటే ముక్కు చేసిన తమాషా అనుకునేదాన్ని. రాత్రి టోక్యో హోటల్ గదికి మా ఆయన వచ్చాడు. షుగర్ పడిపోయిన సంగతి ఫోనులో చెప్పాను కానీ వాసన మాట ఎత్తలేదు. వస్తూనే అమ్మ పక్కన కూర్చుని, తల మీద చెయ్యి వేసి, "అమ్మా, కుంకుడుకాయలతో తలంటుకున్నావా? ఇక్కడెక్కడ దొరికాయి?" అన్నాడు.

"పిచ్చా నీకు? పొద్దుట్నుంచి తల మీద చుక్క నీళ్ళు పడలేదు" అంది అత్తయ్య.

నేను తాకి చూశాను. జుట్టు పొడిగా, పొద్దున నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. ముక్కు ఆనించాను. నాకేమీ తెలియలేదు.

సింగపూర్ వచ్చాక డాక్టర్ని అడిగాను. పోయిన వాసన తిరిగి వచ్చేటప్పుడు లేని వాసనలు తోచవచ్చన్నాడు. మరి మా ఆయన ముక్కుకేమైంది? ఆఫీసులో జపాన్ అమ్మాయి ఒకామె, తమ దేశంలోనూ కుంకుడు చెట్లు ఉంటాయంది. ఉండనీ. చెట్టుంటే మరిగించిన వాసన వస్తుందా? గాలికి ఎదురుగా వస్తుందా? ఒక సందులో ఉండి ఇంకో సందులో లేకుండా పోతుందా? ఆఫీసులో ఏదైనా తప్పు మళ్ళీ కనబడకపోతే 'తిరిగి రావడం లేదు' అని రాసి మూసేస్తాం. దీన్ని మాత్రం మూయలేకపోతున్నాను. నాకు ఇప్పటికీ వాసన తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. జరిగినదాన్ని కాదనలేను.

అత్తయ్యకు ఈ గొడవ ఏదీ పట్టదు. బ్లాకు కింద బల్లల దగ్గర కూర్చుని వచ్చేపోయే ఆంటీలందరికీ చెబుతుంది. "పోలీసుకు దొరకలే, ఊళ్ళో ఎవరికీ దొరకలే. నా కోడలు వచ్చి పట్టుకుంది లా." ఎలా పట్టుకుందని వాళ్ళడుగుతారు. ఆవిడ గర్వంగా నా వైపు చూస్తుంది, ఇక నువ్వు చెప్పు అన్నట్టు. నా దగ్గర జవాబు లేదు. మా అత్తయ్య మాత్రం ఉంది.