స్వాన్సీ నర్సమ్మ

మా జహీరాబాద్ కాలనీలో అందరం ఆమెను నర్సమ్మ అనేవాళ్లం. కోహీర్‌లో పుట్టి, వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో ఏళ్లతరబడి నర్సుగా పనిచేసి వచ్చింది. నోరు తెరిస్తే "మా స్వాన్సీల" అనే మాటే. కూరగాయల బండి దగ్గరా అదే, పెళ్లి పందిట్లోనూ అదే. వినీ వినీ నాకు విసుగొచ్చేది.

కాలనీ వెనక, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీవాళ్లు బూడిద పోసి వదిలేసిన జాగా ఉండేది. అందులో గడ్డి కూడా మొలిచేది కాదు. ఒక వానాకాలం ఆమె వేప మొక్కలు తెచ్చి, ఆ జాగాలో నాటమని ఇంటికొకటి అంటగట్టింది.

"నాకెందుకక్కా గీ తిప్పలు? కూలోళ్లను పెట్టి నాటిస్తే అయిపోదా?" అన్నాను.

"మా స్వాన్సీల ముందు గట్లనే చేసిన్రు తమ్మీ. రాగి కార్ఖానాలు బందైనంక భూమంత విషమైంది. ఆఫీసరోళ్లు చెట్లు పెట్టిస్తే పోరగాళ్లు ఇరగ్గొట్టిన్రు. గప్పుడు బడిపిల్లలతోనే నాటిచ్చిన్రు. సొంతంగ నాటినదాన్ని ఎవరు పీకుతరు? ఎవరిని పీకనిస్తరు?"

"ఇది స్వాన్సీ కాదక్కా!" అని కసురుకున్నాను. తప్పించుకోలేక నాటాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే నా గేటు కొట్టేది. "నీ చెట్టుకు నీళ్లు పోసినవా?" పోసేదాకా కదిలేది కాదు.

కొన్నాళ్లకు ఎవరో కాంట్రాక్టర్ ఆ జాగా చదును చేయడానికి జేసీబీ తెచ్చాడు. చప్పుడు విని లుంగీ మీదే పరుగెత్తాను. దానికి అడ్డంగా నిలబడి, "ఇది నా చెట్టు! ముట్టుకున్నవంటే ఊకోను!" అని గొంతు పోయేలా అరిచాను. నా వెనక కాలనీ అంతా వచ్చి నిలబడింది. జేసీబీ వెనక్కి మళ్లింది.

చెమటలు కక్కుతూ తిరిగి చూశాను. ఆమె తన గేటు దగ్గర నిలబడి తాపీగా చాయ్ తాగుతోంది. కనీసం రోడ్డు మీదికైనా రాలేదు.