ప్రమీలారాణి కుడి పైట

"నగద్దురా సమీ! గుండుసూదులు నోట్లో పెట్టుకొని నగితే మింగుతావు. రేపు నాకు పండగ లేకుండా, నీకు ఆపరేషన్ అయితాది."

సమీవుల్లా సూదులను పెదవుల మధ్యే బిగబట్టి నవ్వును ముక్కుతో వదిలాడు. ఎదురుగా బేతంచెర్ల బండల నేల మీద వట్టికాళ్లతో, చేతులు రెండూ బారచాపి నిలబడి ఉన్నాడు రామాంజి. కింద నల్లప్యాంటు, పైన కుంకుమరంగు రవిక. హుక్కులు అందడం లేదు.

"హైదరాబాదు కూడు బాగానే పట్టిండాది," అంటూ సమీవుల్లా చంక కింద కుట్లు విప్పసాగాడు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధి మలుపులో ఉంది ఆ కుట్టు అంగడి. ఇప్పుడు ఊళ్లో రామాంజి ఎవరని అడిగితే, ఏ రామాంజి అని ఎదురడుగుతారు. ప్రమీలారాణి అంటే మాత్రం చేయి పట్టుకొని ఇంటిదాకా తీసుకుపోతారు. టీవీలో 'వేషాల రాణి' అనే పోటీలో ఆడవేషం కట్టింది అతడే. వారం వారం కొందరు మగవాళ్లు ఆడవేషాలతో పోటీపడితే, ఒక్కొక్కరినీ ఇంటికి పంపుతూ చివరికి ఒకరికి కిరీటం పెట్టే ఆట అది. కిరీటానికి ఒక్క మెట్టు కింద రామాంజిని పంపేశారు. మొన్ననే ఊరికి వచ్చాడు, హోళికి.

"రవిక నువ్వు కుడతావు, సరే. చీర కట్టేదెవరో అదే తెలీదు," అన్నాడు రామాంజి, అద్దంలోకి చూస్తూ.

సమీవుల్లాకు ఆ మాట వెనక ఉన్నదంతా తెలుసు. ఆదోని పక్కన రామాంజి వాళ్ల సొంత ఊరిలో హోళికి మొక్కున్న మగవాళ్లు చీర కట్టుకొని, పూలు పెట్టుకొని రతీమన్మథుల గుడికి పోతారు. చిన్నప్పుడు రామాంజికి మాటలు రాలేదు. తల్లి ఉరుకుందమ్మ మొక్కుకుంది, పిల్లోనికి మాటొస్తే ఏటేటా వాని చేత చీర కట్టించి తీసుకొస్తానని. మాట వచ్చింది.

"వచ్చినాది కాదప్పా, చెరువు తెగినట్లు తెగి పడినాది," అని సమీవుల్లా ఎప్పుడూ అంటాడు. "ఆపేదానికి ఇంకో మొక్కు మొక్కుకోవాల్సిండె పెద్దమ్మ."

ప్రతి హోళికీ మగ్గం మీంచి దిగిన కొత్త చీరను ఉరుకుందమ్మే కొడుక్కు కట్టేది. మోకాళ్ల మీద కూర్చుని, కుచ్చిళ్లు వేళ్ల మధ్య పట్టి, గంజి వాసన కొట్టే బట్టను వాని నడుముకు అణిచి అణిచి దోపేది. "కదలాకురా, దేవుడు చూస్తాండాడు," అనేది. ఆ చేతుల కింద కదలకుండా నిలబడినంత సేపు తనకు ఏదో తెలిసినట్టు ఉండేదని రామాంజి చెబుతాడు. ఏమి తెలిసిందంటే మాత్రం చెప్పలేడు. సమీవుల్లా శానాసార్లు అడిగాడు.

మీసాలొచ్చాక ఒక పాటకచ్చేరీ వాళ్లు వచ్చి, అహోబిలం తిరునాళ్లలో ఆడవేషం కట్టేవాడు జబ్బుపడ్డాడు, వస్తావా అన్నారు. పోయాడు. తర్వాత ఆలూరులో స్టేజీ ఎక్కేముందు మైకాయన పేరేమని అడిగాడు. రామాంజి అని చెబితే బాగుండదని ఎదురుగా చూశాడు. రోడ్డవతల 'ప్రమీలారాణి లేడీస్ టైలర్స్' అని బోర్డు.

"నా అంగడి పేరు యాల పెట్టుకోలేదురా?" అని సమీవుల్లాకు ఇప్పటికీ అలక.

"సమీవుల్లా వస్తాండాది, చప్పట్లు కొట్టండి అంటే ఎట్లుంటాదప్పా?"

జనం మెచ్చారు. ఉరుకుందమ్మ మెచ్చలేదు. "దేవుని ముందర కట్టినదాన్ని అంగట్లో కడితివి," అన్నది ఒకే మాట. ఆ ఏటినుంచి కొడుక్కు చీర కట్టడం మానేసింది. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే కషాయం కాస్తుంది, చీర మాత్రం ముట్టదు. హోళినాడు అతడే కట్టుకుంటాడు. గుడికి పోయేటప్పుడు ఆమె ఆడవాళ్లతో ముందు నడుస్తుంది, అతడు వెనక.

సమీవుల్లా టేపు భుజం మీద వేసుకొని, వచ్చినప్పటినుంచీ దాచుకున్న ప్రశ్నలు బయటికి తీశాడు. "ఆ ఎదంతా ఏందిరా, దూదా?"

"స్పాంజి. కుర్చీలకేస్తారే, అది. ఆ లైట్ల కింద చెమటకు తడిసి కుక్కపిల్లంత బరువయితాది."

"జుట్టు?"

"గమ్ముతో అంటిస్తారు. పీకేటప్పుడు ప్రాణం లేచొస్తాది. కడప పిల్ల, పర్వీన్ అని, మేకప్ చేసేది. 'అన్నా, ఏడవద్దు, కాటుక మళ్లీ ఎవరు పెట్టల్ల?' అని తిట్టేది."

"మరి జనం యాల అట్ల పడీ పడీ నగుతారు?"

"ఎప్పుడు నగల్లో వాళ్లకు చెప్తారు. కూలికి వచ్చిండే వాళ్లు పాపం. నేను మాట మర్చిపోయినా నగినారు." రామాంజి చేయి దించాడు. "వెకిలి మాటలు రాసిస్తారు. చెంపదెబ్బ తిను, ఆడదానివి గదా అంటారు. కొన్ని తింటి, కొన్ని తిననంటి. నాకి ఆడోళ్లను వెక్కిరించేది రాదు సమీ. మాయమ్మ రాట్నం ముందర కూర్చుని కండెలు చుట్టేది, నడుం పట్టుకొని లేసేది, దారం తెగితే తనలో తనే తిట్టుకునేది, అదే చేస్తి. అది నచ్చినాది జనాలకు."

"చేయి ఎత్తు. మరి ఆ పొద్దు ఏమయ్యింది?"

ఆ పొద్దు అంటే ఏ పొద్దో ఇద్దరికీ తెలుసు. స్టేజీ మీద దీపాలార్పి, పాట నడుమ వాయిద్యం అయ్యేలోగా చీకట్లో చీర కట్టుకోవాలని పందెం పెట్టారు. దీపాలు వెలిగేసరికి మిగతావాళ్ల కుచ్చిళ్లు జారిపోయి ఉన్నాయి. రామాంజి చీర అచ్చు ఇస్త్రీ చేసినట్టుంది. కానీ పైట కుడి భుజం మీద ఉంది. నడుమ కూర్చున్న జడ్జి విరగబడి నవ్వాడు. "పైట ఎటో తెలియని నువ్వేం రాణివమ్మా!" అన్నాడు. రామాంజి తల వంచుకొని నిలబడ్డాడు. ఆ వారమే పంపేశారు.

"చీకట్లో బుద్ధి పని చేయలేదు, చేతులే చేసినాయి," అన్నాడు రామాంజి. "మాయమ్మ నాకి కట్టిందెప్పుడూ కుడి పైటే గదా. తనకెట్లనో నాకట్లనే."

ఉరుకుందమ్మ పుట్టింటి వైపు ఆడవాళ్లంతా కుడి భుజం మీదికే పైట వేస్తారు. ఈ వీధిలో అది అందరికీ తెలుసు.

"ఆ మాట వాళ్లకు చెప్పొచ్చు గదరా! మైకు నీ చేతిలోనే ఉండె. మా పక్క ఇట్లే కడతారంటే కిరీటం వచ్చేది."

"వచ్చేదేమో. చెప్తే ఏం చేస్తారో తెలుసునా? మళ్లీ వారానికి మాయమ్మకు కారు పంపిస్తారు. స్టేజీ మీద నిలబెడతారు. వెనక వయొలిన్ వేస్తారు. నీ కొడుకు చీర కట్టుకుంటే నీకేమనిపిస్తాదమ్మా అని అడుగుతారు. ఆమె ఏడ్సేదాక కెమెరా జరపరు." రామాంజి గొంతు తగ్గింది. "నన్ను చూసి నగనీ. అది నా పని. ఆమెను చూడనీయను."

సమీవుల్లా చేతిలో కత్తెర ఆగింది. ఇన్నేళ్లుగా రామాంజి దగ్గర ప్రశ్నలే అడిగాడు. ఇప్పుడు తన దగ్గరే ఒక జవాబుంది. ఎవరికీ చెప్పొద్దని ఉరుకుందమ్మ ఒట్టు వేయించుకున్న జవాబు. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బీలో వేశాడు.

"పెద్దమ్మ చూసినాదిరా."

"యాడ? మా ఇంట్లో ఆ ఆట పెట్టనీయదే!"

"మా ఇంట్లో. వారం వారం. మాయమ్మతో మాట్లాడేదానికి వచ్చినట్లు వస్తాది, గడప కాడ నిలబడుకుంటాది. కూర్చో అక్కా అని మాయమ్మ నన్నీ బీ ఎంత చెప్పినా కూర్చోదు. నీ ఆట అయిపోతానే పోతాది." సమీవుల్లా డబ్బీ మూత పెట్టాడు. "ఆ పొద్దు జడ్జి నగుతాంటే ఏమన్నాదో తెలుసునా? 'వీని కండ్లు కాకులెత్తుకపోను! బిడ్డ సరిగ్గానే కట్టినాడు గదే నన్నీ, కుచ్చిళ్లు చూడు, ఒక్కటి జారలేదు,' అన్నాది. అని, పైట నోట్లో కుక్కుకొని పోయినాది."

చెరువు తెగినట్లు మాట్లాడే రామాంజి, అద్దం ముందు విప్పిన రవికతో అట్లే నిలబడిపోయాడు. వీధిలో ఎక్కడో మగ్గం ఆడుతోంది.

సమీవుల్లా మిషను మీద వంగి చంకల కుట్లు వేసి, దారం పంటితో తెంపాడు. రవిక ఈసారి సరిగ్గా అందింది. ఒక్కో హుక్కు తనే పెట్టుకుంటూ రామాంజి తిరిగాడు.

"సమీ, పని ఆపి ఒకసారి మా ఇంటికి పోయి రారా. పొద్దుగాల గుడికి పోయేటప్పుడు చీర కట్టేవాళ్లు లేరని చెప్పు మాయమ్మకు. ఆమె ఆట చూసినట్లు నువ్వు నాకి చెప్పినావని మాత్రం చెప్పాకు. బలవంతం చేయాకు. రానంటే..." ఆఖరి హుక్కు పెట్టుకున్నాడు. "రానంటే, పైట యా పక్కకు వేసుకోమంటాదో అదొక్కటి అడిగి రా."

సమీవుల్లా చెప్పులు వేసుకున్నాడు.

"నడుస్తావేందిరా? సైకిల్ మీద పో!"