తెల్ల కారు వెనక సీట్లో బాపు

చప్పుడు వస్తే ఎక్కడో నట్టు వదులైందని అర్థం. మా బాపు మాకు నేర్పిన చదువు అదే. ఆయన నలభై ఏళ్లపాటు సూరత్‌లో సాంచాలు, అదే మరమగ్గాలు, బాగు చేశాడు. ఒకసారి కార్ఖానాలో ఒక సాంచా దానంతట అదే నడిచిందని కూలీలంతా బయటికి పరుగెత్తుకొస్తే, ఆయన ఒక్కడే లోపలికి వెళ్లి, స్విచ్చు డబ్బాలో దూరిన బల్లిని తీసి బయట పడేసి వచ్చాడు. అలాంటి మనిషి కూతురిని నేను. దెయ్యాలు, గాలి సోకడాలు ఎవరైనా చెబుతుంటే మర్యాద కోసం వింటాను, అంతే. ఇప్పుడు రాస్తున్నదాన్ని కూడా దెయ్యం కథ అనను. ఏమనాలో తెలియకే ఇన్నాళ్లు రాయలేదు.

మాది సిరిసిల్ల వైపు. నేనూ మా తమ్ముడు శ్రీనూ పుట్టింది మాత్రం ఇక్కడే, సూరత్‌లోని బమ్రోలిలో. మా గల్లీలో అందరికీ సైకిళ్లూ స్కూటర్లూ ఉండేవి. కార్లు మాకే ఉండేవి. గొప్పకు కాదు. పక్కవాళ్లు పారేయబోయే కారును చూస్తే బాపు మనసు ఆగేది కాదు. ఆదివారం వస్తే దాని కింద దూరేవాడు. రెండు కాళ్లు మాత్రం బయటికి కనిపించేవి. అమ్మ ఆ కాళ్లతోనే మాట్లాడేది. కూరలో ఉప్పెంత వేయాలో కూడా ఆ కాళ్లనే అడిగేది.

మొదటిది చిన్న నీలం కారు. అమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. దాని డ్రైవరు వైపు తలుపు తెరుచుకునేది కాదు. బాపు ఎడమవైపు నుంచి ఎక్కి, గేరు కడ్డీ మీదుగా పాక్కుంటూ తన సీట్లోకి చేరేవాడు. వరాఛాలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, సూటు వేసుకున్న వజ్రాల సేట్‌ల ముందు ఆయన అలాగే, తెల్ల లుంగీతో పాక్కుంటూ దిగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

తర్వాత ఒక వ్యాన్ వచ్చింది. నెడితేనే కదిలేది. బాపు దాన్ని ఎప్పుడూ గల్లీ చివర ఎత్తు మీద ఆపేవాడు. వ్యాన్ స్టార్టవ్వాలంటే గల్లీలో ఉన్న తెలుగువాళ్లూ గుజరాతీవాళ్లూ ఒడియావాళ్లూ అందరూ ఒక చేయి వేయాలి. అందుకే మేం ఎక్కడికి వెళ్తున్నామో బమ్రోలి మొత్తానికి తెలిసేది.

చివరిది తెల్ల అంబాసిడర్. అప్పటికే దానికి నాకంటే ఎక్కువ వయసు. బతిమాలితేనే కదులుతుందని అమ్మ దానికి దొర అని పేరు పెట్టింది. దాని అద్దం ఎత్తితే నిలిచేది కాదు, జారి తలుపులోకి పడిపోయేది. బాపు సాంచా మీద దారం ఆడించే పాత కర్ర నాడె ఒకటి తెచ్చి సందులో దోపాడు. వాన పడితే ముందు సీట్లో అమ్మ ఒడిలోకి నీళ్లు కారేవి. అమ్మ ఒక స్టీలు గిన్నె పెట్టుకుని కూర్చుని, నిండగానే కిటికీలోంచి పారబోసేది. ఆ కారులోనే ఒకసారి సిరిసిల్లకు వెళ్లాం. ధూలే దాటాక ఫ్యాను బెల్టు తెగింది. బాపు డిక్కీలోంచి సాంచా పట్టా ముక్క ఒకటి తీసి, కోసి, కుట్టి వేశాడు. ఆ ముక్కతోనే మిగతా దారంతా వెళ్లాం. మూడు రోజులు పట్టింది. దారి పొడవునా చింతపులుపు పులిహోర తిన్నాం. నా జీవితంలో అంతకంటే మంచి ప్రయాణం ఇంకోటి లేదు.

అమ్మ పోయాక బాపు దొరను నడపడం తగ్గించాడు. ఏడాది తిరిగేసరికి ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలు పడిపోయింది. మాట తగ్గిపోయింది. అడిగితే ఒకటి రెండు ముక్కలు చెప్పేవాడు, అది కూడా నీళ్లో, మాత్రో అడగడానికి. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. మాది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. చేతికర్రతో మంచం నుంచి బాల్కనీ దాకా నడవడమే ఆయనకు పెద్ద పని. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే శ్రీనూ, మా ఆయనా కలిసి కుర్చీలో కూర్చోబెట్టి దించేవారు.

కారును కూడా తెచ్చి కింద సొసైటీ పార్కింగులో పెట్టాం, దుమ్ము పట్టి ఉండేది. బాపు బాల్కనీలోంచి దాన్ని చూస్తూ కూర్చునేవాడు. టైర్లు కూరుకుపోయాయి. లోపల పిల్లి ఈనింది. తీయించమని సొసైటీవాళ్లు నాలుగుసార్లు చెప్పారు. చివరికి ఒక రోజు గల్లీలో పాత బండ్లు కొనే మనిషి వస్తే నేనే పిలిచాను. బాపును అడగలేదు. అడిగితే ఆయన మొహం చూడలేనని అడగలేదు. ఆయన నిద్రపోతున్నప్పుడు టెంపోకు కట్టి తీసుకెళ్లిపోయారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారని నేను అడగనూ లేదు.

సాయంత్రం బాపు బాల్కనీలోకి వచ్చాడు. ఖాళీ చోటు చూశాడు. మర్నాటి నుంచి బాల్కనీకి రావడం మానేశాడు. తిట్టినా బాగుండేదని నాకు అనిపించేది.

నాలుగు నెలలు గడిచాయి. వానాకాలం. ఆ రోజు పొద్దున గట్టిగా వాన పడి, మధ్యాహ్నానికి ఎండ కాసింది. రెండున్నరకు కింది ఇంటి హంసాబెన్ పైకి వచ్చింది. మేమిద్దరం చీరలకు లేసు కుడతాం. కొత్త కట్ట ఇచ్చి, మంచం మీద ఉన్న బాపును "కేమ్ ఛో, కాకా?" అని పలకరించింది. బాపు చేయి ఎత్తాడు. నా ఎదురుగానే ఎత్తాడు. హంసాబెన్ దిగిపోయి, రోజూలాగే మెట్ల మొదట్లో చాప వేసుకుని కూర్చుంది. మా బిల్డింగుకు ఉన్నది ఆ మెట్లు ఒక్కటే.

నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాను. పది నిమిషాలు, మహా అయితే పన్నెండు. తిరిగి వస్తే మంచం ఖాళీగా ఉంది. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. బాత్రూము, వంటిల్లు, బాల్కనీ చూశాను. బాల్కనీ రెయిలింగు మీదికి వంగి కిందికి చూశాను. కింద ఏమీ లేదు.

మెట్లు దిగి పరుగెత్తాను. హంసాబెన్ లేసు చేత్తో పట్టుకునే లేచి నిలబడింది. ఎవరూ దిగలేదని ఒట్టు పెట్టుకుంది. ఇరుగుపొరుగు తలుపులన్నీ కొట్టాం. శ్రీనుకు ఫోను చేశాను.

"గట్లెట్ల పోతడక్కా? నువ్వు యాడున్నవ్?" అని అరిచాడు.

అప్పుడే ఇంకో ఫోను రావడం మొదలైంది. తెలియని నంబరు. ఎత్తాను. అవతల ఒక పెద్దాయన, గుజరాతీ కలిసిన హిందీ. తన పేరు రమణ్‌భాయి అనీ, సూరత్ బయట కిమ్ అనే ఊళ్లో పాత ఇనుము యార్డు ఉందనీ చెప్పాడు. ఒక ముసలాయన తన యార్డులో కూర్చుని ఉన్నాడట. జేబులో చీటీ మీద ఈ నంబరు ఉందట. పక్షవాతం వచ్చినప్పటి నుంచి బాపు చొక్కా జేబులో నా నంబరు రాసిన చీటీ పెట్టేదాన్ని నేనే.

ఆ ఫోను వచ్చింది రెండు యాభై ఎనిమిదికి. ఆ కాల్ వివరం ఇప్పటికీ నా ఫోన్లో దాచి ఉంచాను.

శ్రీను తన కారు తెచ్చాడు. మా ఇంటి నుంచి కిమ్ చేరడానికి మాకు గంటా పది నిమిషాలు పట్టింది. ఎవరో మోసగాడు ఫోను చేశాడని వాడు అనుకుంటున్నాడు. నేను ఏమీ అనుకోవడం లేదు. దేవుడికి మొక్కుతున్నాను.

యార్డుకు రేకుల ప్రహరీ, ఒకటే గేటు. లోపల నేలంతా వాననీళ్లూ నూనే కలిసిన నల్లటి బురద. రమణ్‌భాయి మమ్మల్ని చివరికి తీసుకెళ్లాడు. అక్కడ దొర ఉంది. చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. ఇంజను తీసేశారు. బానెట్ లేదు. ముందు భాగమంతా బోలుగా ఉంది.

వెనక సీట్లో, ఎడమ పక్కన, బాపు కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, దూరప్రయాణంలో కూర్చున్నట్టు. ఎంత చెప్పినా కిందికి దిగలేదని రమణ్‌భాయి అక్కడే టీ తెచ్చి ఇచ్చాడట. ఖాళీ గ్లాసు పక్కన ఉంది.

"చూడమ్మా," అన్నాడు రమణ్‌భాయి హిందీలో, "ఒంటిగంటకు గేటుకు తాళం నేనే వేశాను. తిని వచ్చి, నీకు ఫోను చేయడానికి కాస్త ముందు, నేనే తీశాను. అప్పటికే ఈయన లోపల ఉన్నాడు. తాళం చెవి నా నడుముకే ఉంటుంది."

నేను బాపు పాదాలు చూశాను. ఎందుకు చూశానో తెలియదు. చెప్పులు లేని పాదాలు. నావీ శ్రీనువీ కాళ్లు మడమల దాకా నల్లగా అయ్యాయి. ఆయన పాదాలకు మరక లేదు. పొద్దున నేను కడిగి తుడిచినట్టే ఉన్నాయి.

"బాపూ, గింత దూరం ఎట్లొచ్చినవే?" అని అడిగాను.

"కార్ల," అన్నాడు.

"ఏ కార్ల?"

ఆయన నన్ను, ఏం పిచ్చి ప్రశ్న అన్నట్టు చూశాడు. చేత్తో సీటును తట్టాడు. "గీ కార్లనే."

శ్రీను మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎవరు తోలిండ్రు బాపూ?"

"నాకేమెరుక? నేను ముంగట కూసోలే గద," అన్నాడు.

అది విన్నాక నాకు ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లలో బాపు ఆ కారు వెనక సీట్లో కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి కూడా.

ఇద్దరం ఎత్తి శ్రీను కారులోకి మార్చాం. రమణ్‌భాయి తలుపు పట్టుకున్నాడు. తిరిగి వచ్చే దారిలో బాపు మాట్లాడాడు. ఏడాదిన్నరగా రెండు ముక్కలు కలిపి అనని మనిషి, మాట కొంచెం ముద్దగా ఉన్నా, ఆపకుండా మాట్లాడాడు. ధూలే దగ్గర బెల్టు తెగిన సంగతి, వ్యాను నెట్టిన సంగతి, వరాఛా పెళ్లిలో అమ్మ నవ్విన సంగతి. శ్రీను అద్దంలో నన్ను చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నాడు.

హైవే మీద లారీల వెనక ఆగినప్పుడు ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"దొరకు ఒక మాట చెప్పొచ్చిన బిడ్డా," అన్నాడు. "పోరి ఎరుకలేక అమ్మింది, మనసుల పెట్టుకోకని చెప్పిన. గంతే పని. నువ్వు రంది వడకు."

నేను ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. చిన్నప్పటి నుంచి అంతగా ఎప్పుడూ ఏడవలేదు. నాలుగు నెలలుగా నాలో ఉన్నది అంతా పోయింది.

తర్వాత అందరూ తలా ఒక మాట అన్నారు. ఎవరో దారినపోయేవాడు బండిలో ఎక్కించుకుని దించి ఉంటాడని మా ఆయన అన్నాడు. కావచ్చు. కానీ హంసాబెన్ ముందు నుంచి ఎలా దాటాడు? హంసాబెన్ కునుకు తీసిందనే అనుకుందాం. రెండు మెట్ల వరసలు కర్ర లేకుండా ఎలా దిగాడు? అదీ దిగాడనుకుందాం. గంటకు పైగా పట్టే దారి ఇరవై అయిదు నిమిషాల్లో ఎలా వెళ్లాడు? తాళం వేసిన గేటు లోపలికి, ఆ బురదలో, పాదాలు తడవకుండా? అన్నిటికంటే, ఆ కారు ఎక్కడుందో మాకే తెలియదు. మా దగ్గర కొన్నవాడు ఇంకెవరికో అమ్మితే, అక్కడి నుంచి అది కిమ్ చేరిందట. మా సొసైటీలో కెమెరాలు పెట్టాలని మూడేళ్లుగా మీటింగుల్లో అనుకుంటూనే ఉన్నారు కాబట్టి చూడడానికి ఏమీ లేదు.

డాక్టరుకు చెబితే మాట తిరిగి వచ్చినందుకు సంతోషించి, మిగతాది వినలేదు.

బాపు ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. మాట బాగానే ఉంది. టీవీలో క్రికెట్ చూస్తూ అంపైర్లను తిడతాడు. ఆ రోజు సంగతి ఎప్పుడు అడిగినా విసుక్కుంటాడు. "చెప్పిన గద, కార్ల పోయిన" అంటాడు. ఆయనకు అందులో వింత ఏమీ కనిపించదు. నట్టు ఎక్కడ వదులైందో వెతకడం నేర్చుకున్నదాన్ని నేను. ఎంత వెతికినా ఇక్కడ నాకు దొరకలేదు.

దీపావళి ముందు రమణ్‌భాయి ఫోను చేశాడు. కాకా ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడని చెప్పాను. అవీ ఇవీ మాట్లాడాక, ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు గేటుకు తాళం వేయడం మానేశానని చెప్పాడు. దొంగలు రారా అని అడిగాను.

"వస్తే రానీ బెహన్," అన్నాడు. "పాపం, ఎవరైనా వచ్చి కూర్చుంటే మళ్లీ బయటికి వెళ్లొద్దా?"